నేలలో దొరికింది ఎవరిది?
(విదేశాలలో మెటల్ డిటెక్టర్ - చట్టాలు, ప్రమాదాలు)

- తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి

లంకెబిందెలు అనే మాట వినకుండా పెరిగిన పల్లెటూరి పిల్లవాడు తెలుగునాట ఉండడు. ఫలానావారి తాతకు దున్నుతుంటే నాగలికి బిందె తగిలిందట, ఆ తర్వాతే వాళ్ళు మేడ కట్టారట! ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. ఆ బిందెను కళ్ళతో చూసినవాడు మాత్రం ఏ ఊళ్ళోనూ కనిపించడు. ఈ ఆశ మనకొక్కరికే ఉందనుకోనక్కర్లేదు. ఇంగ్లండులో, డెన్మార్కులో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఇదే ఆశకు ఒక యంత్రాన్ని జతచేసి, ఆదివారం కాలక్షేపంగా మార్చుకున్నారు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కర్ర చివర పళ్ళెం లాంటి కాయిల్‌ను నేలకు ఆనీ ఆనకుండా ఊపుకుంటూ పొలాల్లోనూ, సముద్రపు ఒడ్డునా తిరుగుతుంటారు. ఆ యంత్రమే మెటల్ డిటెక్టర్.

"ఇది మనకెందుకయ్యా?" అని మిత్రులు అడగవచ్చు. మనలో పైచదువులకు విదేశాలకు వెళ్ళేవాళ్ళు ఏటా ఉంటూనే ఉన్నారు. మా పెదనాన్నగారి అబ్బాయి ఇంగ్లండులో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. ఒకరోజు ఫోనులో, తనూ గదిలో ఉండే స్నేహితుడూ కలిసి ఒక సెకండ్‌హ్యాండ్ డిటెక్టర్ కొనబోతున్నామనీ, ఊరి బయట పొలాల్లో వెతుకుతామనీ హుషారుగా చెప్పాడు. పక్కనే వింటున్న మా నాన్న ఒకే ఒక ప్రశ్న వేశారు: "ఆ చేను ఎవరిదిరా?"

అన్నయ్య దగ్గర జవాబు లేదు. నిజానికి ఈ విషయంలో ఉన్న చట్టాలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. చేను ఎవరిది? చేలో దొరికింది ఎవరిది? దొరికిందని ఎవరికి చెప్పాలి? మూడింటికీ దేశానికో జవాబు ఉంది. అన్నయ్య కోసం చదివి తెలుసుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

యంత్రం చేసే పని

ముందుగా యంత్రం సంగతి. 1831లో మైకేల్ ఫారడే కనుక్కున్న విద్యుదయస్కాంత ప్రేరణ మనం ఇంటర్మీడియట్‌లోనే చదువుకున్నాం. డిటెక్టర్ అంటే అదే సూత్రం. కాయిల్‌లో మారుతూ ఉండే కరెంటు పారుతుంది. దానివల్ల మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం నేలలోకి వెళుతుంది. అక్కడ లోహం ముక్క ఉంటే దానిలో సుడి ప్రవాహాలు పుడతాయి. ఆ ప్రవాహాలకు తమదైన చిన్న అయస్కాంత క్షేత్రం ఉంటుంది. దాన్ని పైనున్న రెండో కాయిల్ పట్టుకుంటుంది, చెవిలో మోగుతుంది.

1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద ఒకడు తుపాకీ కాల్చినప్పుడు, ఆయన ఒంట్లో గుండు ఎక్కడుందో వెతకడానికి టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఇలాంటి పరికరమే చేసి తెచ్చాడు. గుండు దొరకలేదు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు పరికరాన్ని తికమక పెట్టాయని అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో పోలెండు అధికారి యూసెఫ్ కొసాట్స్కీ రూపొందించిన డిటెక్టర్‌ను 1942లో ఎల్ అలమీన్ ఎడారిలో మందుపాతరలు ఏరడానికి వాడారు. ఈనాటి కాలక్షేపపు యంత్రానికి పూర్వీకుడు యుద్ధంలో పనిచేసినవాడన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఈ యంత్రానికి రెండు పరిమితులున్నాయి. ఒకటి లోతు. కాయిల్ నుంచి వెళ్ళే క్షేత్రం దూరం ఘనాన్ని బట్టి తగ్గుతుంది. చిన్న వస్తువు నుంచి తిరిగివచ్చే క్షేత్రమూ అంతే. రెండూ కలిస్తే ఆరో ఘాతం. అంటే నాణెం రెండింతల లోతున ఉంటే సంకేతం అరవై నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే విడి నాణేలు దొరికేది జానెడు లోతులోనే, అంటే నాగలి తిరిగే మట్టిలోనే. రెండోది, యంత్రానికి లోహం ఉందని తెలుస్తుంది గాని అదేమిటో తెలియదు. బంగారు ఉంగరమూ, కూల్‌డ్రింకు డబ్బా మీది అల్యూమినియం రింగూ దాదాపు ఒకేలా మోగుతాయి. తవ్వి చూస్తేనే తేలుతుంది. చిక్కులన్నీ ఆ తవ్వడంతోనే మొదలవుతాయి.

ఒక సుత్తి కథ

ఇంగ్లండులోని సఫోక్ జిల్లాలో హాక్స్‌న్ అనే పల్లె ఉంది. 1992 నవంబరులో పీటర్ వాట్లింగ్ అనే రైతు చేలో తన సుత్తి పోగొట్టుకున్నాడు. ఎరిక్ లాస్ అనే స్నేహితుడికి డిటెక్టర్ ఉంటే, కాస్త వెతికిపెట్టమన్నాడు. సుత్తికంటే ముందు వెండి చెంచాలు, బంగారు నాణేలు బయటపడ్డాయి. మరొకరైతే ఆ రాత్రికి రాత్రే గొయ్యి ఖాళీ చేసేవారు. లాస్ కొద్దిగా తీసి, అక్కడితో ఆపి, అధికారులకు కబురు పెట్టాడు.

పురావస్తు శాఖవారు వచ్చి మట్టిని పొరలు పొరలుగా తీశారు. ఒక కర్రపెట్టె ఆనవాలు, దానిలో ఏ వస్తువు పక్కన ఏది సర్ది ఉందో కూడా తెలిసింది. రోమన్ల కాలపు నాణేలు దాదాపు 15,000, వెండి బంగారు వస్తువులు 200 వరకు ఉన్నాయి. వాటికి 17 లక్షల 50 వేల పౌండ్ల బహుమానం వచ్చింది. లాస్ దానిని రైతుతో పంచుకున్నాడు. పోయిన సుత్తి కూడా దొరికింది. అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియం సొత్తు!

ఇందులో విలువైనది బంగారం ఒక్కటే కాదు. ఒక వస్తువు ఏ పొరలో, దేని పక్కన, ఎంత లోతులో ఉంది అన్నదే దాని చరిత్ర. మన చేలోనే చూడండి. వేరుకుళ్ళు వచ్చిన మొక్కను పీకి పట్నంలో నిపుణుడికి చూపిస్తే, ఆయన ముందు అడిగేది "ఏ చేను, ఏ నేల, నీళ్ళు ఎప్పుడు పెట్టావు?" అనే కదా. ఆ వివరం లేకపోతే చేతిలో ఉన్నది ఉత్త ఎండు మొక్క. నాణెమూ అంతే. గునపంతో పెళ్ళగించి తెచ్చిన నాణెం డబ్బు చేస్తుందేమో గాని నోరు విప్పదు. చట్టాలు ఇంత కఠినంగా ఉండడానికి అసలు కారణం ఇదే.

ఇంగ్లండు చట్టం

ఇంగ్లండు, వేల్స్‌లలో 1996 నాటి ట్రెజర్ చట్టం నడుస్తోంది. పొలం యజమాని అనుమతి లేకుండా అడుగుపెట్టి తవ్వకూడదు. రక్షిత కట్టడాల స్థలాల్లో ముందుగా ప్రభుత్వ అనుమతి లేనిదే డిటెక్టర్ వాడడమే 1979 నాటి మరో చట్టం ప్రకారం నేరం. 300 ఏళ్ళు దాటి, బరువులో పదో వంతైనా బంగారమో వెండో ఉన్న వస్తువు దొరికితే అది 'ట్రెజర్'. నాణేలైతే ఒకేచోట రెండు దొరికినా ఈ లెక్కలోకి వస్తాయి. రాగి, కంచు నాణేలైతే పది ఉండాలి. 2023లో ఈ నిర్వచనాన్ని పెంచారు. 200 ఏళ్ళు దాటి, చరిత్ర దృష్ట్యా అసాధారణమైన లోహ వస్తువులు కూడా ఇప్పుడు ట్రెజరే. అలాంటిది దొరికిన 14 రోజుల్లోగా కరోనర్ అనే అధికారికి తెలియజేయాలి. మ్యూజియం తీసుకుంటే వెలకట్టి బహుమానం ఇస్తారు. మామూలుగా అది దొరికినవాడికీ పొలం యజమానికీ సగం సగం. ట్రెజర్ కాని చిన్నాచితకా వస్తువులను స్వచ్ఛందంగా నమోదు చేయించుకోవడానికి 1997 నుంచి ఒక పథకం ఉంది. ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువులు దానిలోకి ఎక్కాయి.

2009లో స్టాఫర్డ్‌షైర్‌లో, అప్పుడే దున్నిన చేలో ఒకతనికి ఆంగ్లో-శాక్సన్ల కాలపు బంగారు నిధి దొరికింది. వెల 32 లక్షల 85 వేల పౌండ్లు. అతను చెప్పవలసినవాళ్ళకు చెప్పాడు, అతనికీ రైతుకూ చెరిసగం వచ్చింది.

చెప్పనివాళ్ళ సంగతి కూడా వినండి. 2015లో హియర్‌ఫర్డ్‌షైర్‌లో ఇద్దరికి వైకింగుల కాలపు నిధి దొరికింది. పొలం యజమానికి చెప్పలేదు, ప్రభుత్వానికి చెప్పలేదు. నాణేలను వ్యాపారులకు అమ్మడం మొదలుపెట్టారు. దాదాపు 300 నాణేలు ఉండి ఉంటాయని అంచనా. మొదట పోలీసులకు చిక్కినవి 31. వాటిలో వెసెక్స్ రాజు ఆల్‌ఫ్రెడ్‌నూ మెర్సియా రాజు చెయోల్‌వుల్ఫ్‌నూ సమానులుగా సూచించే నాణేలు ఉన్నాయి. తరువాతి చరిత్రకారులు రెండో రాజును ఊసులోకి రానివ్వలేదు. ఆ కథను సరిదిద్దే సాక్ష్యంలో ఎక్కువ భాగం ఇప్పుడు ఎవరి జేబుల్లో ఉందో! 2019 నవంబరులో కోర్టు ఒకతనికి 10 సంవత్సరాలు, మరొకతనికి 8½ సంవత్సరాలు జైలు వేసింది. అప్పీలులో శిక్ష తగ్గినా, ఇద్దరికీ సంవత్సరాల జైలు మాత్రం తప్పలేదు. చట్టప్రకారం చెప్పి ఉంటే ఆ ఇద్దరూ, యజమానీ కూడా ధనవంతులయ్యేవాళ్ళు.

సరిహద్దు దాటితే

"ఇంగ్లండు సంగతి తెలిసింది, ఇంకేం" అనుకుంటే కుదరదు. రైల్లో స్కాట్లండు వెళ్ళండి, చట్టం మారిపోతుంది. అక్కడ నేలలో దొరికిన పాతకాలపు వస్తువు ఏదైనా రాజ్యానిదే. పొలం యజమానికి వాటా లేదు. దొరికినవాడికి ప్రభుత్వం దయతలచి ఇచ్చేదే. ఉత్తర ఐర్లండులో లైసెన్సు లేకుండా పురావస్తువుల కోసం తవ్వడమే నేరం. ఒక్క బ్రిటనులోనే మూడు రకాలు!

ఐర్లండు గణతంత్రం ఇంకా కఠినం. 1980లో టిప్పరరీ ప్రాంతంలోని డెరినఫ్లాన్ అనేచోట తండ్రీకొడుకులు డిటెక్టర్‌తో వెతికి, క్రైస్తవ మఠానికి చెందిన పురాతన వెండి పాత్రలు తీశారు. వాటి మీద హక్కు కోసం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అవి రాజ్యానివేనని 1987లో తీర్పు వచ్చింది. అదే ఏడాది చట్టం బిగించారు. పురావస్తువుల కోసం రాతపూర్వక అనుమతి లేనిదే డిటెక్టర్ వాడకూడదు.

ఫ్రాన్సులో 1989 నుంచి ఇలాంటి చట్టమే ఉంది. దాన్ని తప్పించుకోవాలని చూసిన ఒక పెద్దమనిషి కథ 2020లో బయటపడింది. బెల్జియంలో తాను కొన్న తోటలో 14,154 రోమన్ నాణేలు దొరికాయని అతను ప్రకటించాడు. ఆ ప్రాంతపు చట్టం ఫ్రాన్సుకంటే కాస్త ఉదారమైనది. చూడవచ్చిన పురావస్తు అధికారికి అనుమానం వచ్చింది. ఫ్రెంచి కస్టమ్స్‌వారు ఆరా తీస్తే, అవి ఫ్రాన్సులో దోచినవని తేలింది. మొత్తం 27,400 వస్తువులు స్వాధీనం చేసుకున్నారు.

జర్మనీలో 1999లో నెబ్రా దగ్గర ఇద్దరు అనుమతి లేకుండా వెతికి ఒక కంచు పళ్ళేన్ని తీశారు. దాని మీద బంగారు రేకులతో సూర్యుడు లేదా పూర్ణచంద్రుడు, నెలవంక, నక్షత్రాలు అతికి ఉన్నాయి. సుమారు 3,600 ఏళ్ళ క్రితం మట్టిలో పెట్టినదని అంచనా. ఆకాశాన్ని చూపే బొమ్మల్లో ఇంత పాతవి చాలా అరుదు. వాళ్ళు తవ్విన తొందరలో దెబ్బ తగిలి అంచు పాడయింది. చేతులు మారి మారి, చివరికి 2002లో స్విట్జర్లండులోని బాసెల్‌లో కొనుగోలుదారుగా నటించిన పురావస్తు శాస్త్రవేత్త హరాల్డ్ మెల్లర్ సాయంతో పోలీసులు పట్టుకున్నారు. దొరికినవాళ్ళకు కోర్టులో శిక్ష పడింది.

అమెరికాలో సొంతదారు ఒప్పుకుంటే ప్రైవేటు పొలంలో వెతకవచ్చు. కాని నేషనల్ పార్కుల్లో వాడకపోయినా సరే, వాడకానికి సిద్ధంగా డిటెక్టర్‌ను దగ్గర ఉంచుకోవడమే తప్పు. ఫెడరల్ భూముల్లో వంద ఏళ్ళు దాటిన పురావస్తువులు తీస్తే 1979 నాటి చట్టం కింద జుల్మానా, జైలు కూడా పడవచ్చు. డెన్మార్కు వంటి దేశాలు మాత్రం యజమాని అనుమతితో వెతకనిస్తాయి, విలువైన వస్తువును రాజ్యానికి అప్పగిస్తే డబ్బు ఇస్తాయి.

పశ్చిమాసియా దేశాల్లోనైతే మరింత జాగ్రత్త. 2022లో ఇరాక్‌లోని ఎరిదు శిథిలాల దగ్గర నేల మీద పడి ఉన్న కుండ పెంకులు ఏరుకున్నందుకు ఒక విశ్రాంత బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్తకు కోర్టు 15 సంవత్సరాలు శిక్ష వేసింది. తర్వాత పైకోర్టు కొట్టేసింది గాని, ఆ రోజులు ఆయన ఎలా గడిపాడో ఊహించుకోవచ్చు. డిటెక్టర్ కూడా లేదు, వంగి ఏరుకున్నాడంతే.

నేలలో నిద్రపోతున్న యుద్ధం

ఇక ప్రాణానికి సంబంధించిన సంగతి. బెల్జియం, ఉత్తర ఫ్రాన్సు రైతులకు 'ఇనుప పంట' అనే మాట ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పేలకుండా మట్టిలో కూరుకుపోయిన ఫిరంగి గుండ్లు దున్నినప్పుడల్లా పైకి వస్తాయి. యుద్ధం 1918లో అయిపోయింది, పంట మాత్రం ఇంకా అయిపోలేదు. ఒక్క బెల్జియంలోనే ఏటా వంద టన్నులకు పైగా ఏరుతున్నారు. రైతులు వాటిని రోడ్డు పక్కన, కరెంటు స్తంభాల దగ్గర పెడితే సైన్యంవారు తీసుకుపోతారు. మనం గట్టు మీద రాళ్ళు ఏరిపోసినట్టు! 2014 మార్చిలో ఈప్ర్ పట్టణం దగ్గర అలాంటి గుండు పేలి ఇద్దరు కూలీలు చనిపోయారు. వందేళ్ళ నాటి యుద్ధం వాళ్ళని ఇప్పుడు చంపింది.

పాతబడితే మందు చల్లారిపోతుందనుకోవడం రసాయన శాస్త్రం తెలియని మాట. కొన్ని గుండ్లలో పిక్రిక్ ఆమ్లం నింపేవారు. అది లోహాలతో కలిసి పిక్రేట్ లవణాలు అవుతుంది. అవి చిన్న రాపిడికే పేలగలవు. కొన్నింటిలో ఫాస్జీన్, మస్టర్డ్ గ్యాస్ ఉన్నాయి. గుండు తొడుగు తుప్పుపడుతోంది గాని లోపలి విషం అలాగే ఉంది. రెండో యుద్ధపు బాంబుల్లో కొన్నింటికి అసిటోన్‌తో పనిచేసే ఆలస్యపు ఫ్యూజు ఉండేది. మన ల్యాబులో గాజు సామాను కడిగే ఆ అసిటోనే. అది సెల్యులాయిడ్ బిళ్ళను నెమ్మదిగా కరిగిస్తే అప్పుడు బాంబు పేలాలి. కరగకుండా మిగిలిపోయిన బిళ్ళలు ఇప్పటికీ ఉన్నాయి. 2010 జూన్‌లో జర్మనీలోని గ్యోటింగెన్‌లో ఒక బాంబు పేలి, దాన్ని నిర్వీర్యం చేయడానికి వచ్చిన ముగ్గురు నిపుణులే మరణించారు. నిపుణుల గతే అది అయితే, చేతిపార పట్టుకున్న విద్యార్థి గతి ఏమిటి?

డిటెక్టర్‌లో ఇనుమును వదిలేసేలా మీట తిప్పుకోవచ్చు. దానితో గుండ్ల బెడద తప్పుతుందనుకోవద్దు. ఫిరంగి గుండు చుట్టూ రాగి పట్టీ ఉంటుంది, ముక్కున చాలావాటికి ఇత్తడి ఫ్యూజు ఉంటుంది. అవి చెవిలో 'మంచి లోహం' అన్నట్టే మోగుతాయి. బాల్టిక్ తీరంలో ఇంకో వింత. అక్కడ ఉసెడోమ్ దీవి ఒడ్డున అంబర్ రాళ్ళు ఏరేవాళ్ళు, యుద్ధపు బాంబుల నుంచి వచ్చిన తెల్ల భాస్వరాన్ని అంబర్ అనుకుని జేబులో వేసుకుంటారు. తడి ఆరగానే ఒంటి వేడికే అంటుకుంటుంది.

చిన్న ప్రమాదాలూ ఉన్నాయి. పాతిన కరెంటు కేబుళ్ళు, గ్యాస్ గొట్టాలు. సముద్రపు ఒడ్డున వెనక నుంచి కమ్ముకొచ్చే పోటు. ఆస్ట్రేలియా బంగారు గనుల ప్రాంతంలో గడ్డి కప్పేసిన పాత గని గోతులు. 1980లో విక్టోరియాలో ఒకతనికి డిటెక్టర్‌తో 27 కిలోల బంగారు ముద్ద దొరికిన మాట నిజమే. అది విని ఎండలో నీళ్ళు లేకుండా బయల్దేరేవాళ్ళకు గోతుల సంగతి ఎవరూ చెప్పరు. యూరపు, అమెరికా గడ్డిలో పిడుదులు కుట్టి లైమ్ జ్వరం వస్తుంది. తుప్పు ఇనుము గీరుకుంటే ధనుర్వాతం టీకా ఉండాలి.

మన చట్టం మాటేమిటి?

మన దేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉంది. నేలలో దాగి ఉన్న వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచితే ఏడాది దాకా జైలు. ఎవరిదీ కాదని తేలి, వాటా మీద ఒప్పందం లేకపోతే, దొరికినవాడికి మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వం కావాలనుకుంటే లోహపు విలువకు అయిదో వంతు కలిపి ఇచ్చి తీసుకోవచ్చు. పురావస్తువులను దేశం దాటించడాన్ని 1972 నాటి చట్టం అరికడుతుంది. ఇంత ఉన్నా గుప్తనిధుల పేరిట పాడుబడ్డ గుళ్ళు తవ్వి, విగ్రహం కింద గొయ్యి చేసేవాళ్ళు మన చుట్టుపక్కలే ఉన్నారు. నెబ్రాలో అంచు విరగ్గొట్టినవాడికీ వీళ్ళకీ తేడా ఏముంది?

వెళ్ళే మిత్రులకు

ఇదంతా చదివి, ఆ సరదానే వద్దనడం నా ఉద్దేశం కాదు. అన్నయ్యకు నేను చెప్పినవే మీకూ చెబుతాను.

యంత్రం కొనకముందే ఆ దేశపు చట్టం, ఆ రాష్ట్రపు చట్టం చదవాలి. పొలం యజమాని అనుమతి కాగితం మీద తీసుకోవాలి, దొరికిన దానిలో వాటా ఎంతో దానిలోనే రాసుకోవాలి. కౌలుదారు ఉంటే అతన్నీ అడగాలి. ఒంటరిగా కాక, తెలిసిన క్లబ్బుతో వెళ్ళాలి. తీసిన గొయ్యి పూడ్చి, పైన గడ్డి మళ్ళీ పరవాలి. తీసిన గేటు మూసి రావాలి. గోతిలో కాలుపడి ఆవు కాలు విరిగితే నష్టం ఎవరిదో రైతుబిడ్డలకు వేరే చెప్పనక్కర్లేదు. ఒకేచోట ఎక్కువ వస్తువులు తగిలితే తవ్వడం ఆపి, కబురు పెట్టాలి. గుండు ఆకారంలో ఏది కనిపించినా ముట్టకూడదు, కదపకూడదు, దూరంగా వెళ్ళి పోలీసులకు ఫోను చేయాలి. జ్ఞాపకంగా ఇంటికి తేవాలని సరదా పడవద్దు. బ్రిటన్ మట్టిలో దొరికిన 50 ఏళ్ళు దాటిన పురావస్తువును బయటికి తేవాలంటే, వెల ఎంత తక్కువైనా ఎగుమతి లైసెన్సు కావాలి. అప్పుచేసి పంపిన తల్లిదండ్రుల ఆశంతా ఆ వీసా కాగితం మీద ఉంటుంది. ఒక తుప్పు నాణెం కోసం పోలీసు కేసు తెచ్చుకుంటే అది ఏమవుతుందో ఆలోచించండి.

అన్నయ్య డిటెక్టర్ ఇంకా కొనలేదు. ముందు ఊరి క్లబ్బులో చేరాడు. ఒక రైతు దగ్గరకు వాళ్ళతో కలిసి వెళ్ళి అనుమతి అడిగాడట. కోత అయ్యాక రమ్మని ఆ రైతు అన్నాడట. ఏ దేశంలోనైనా రైతు రైతే! నేల మనకు తిండి పెడుతుంది, పాత తరాల గుర్తులనూ దాచిపెడుతుంది. దున్నేవాడికి ఒక హక్కు ఉంది, వెతికేవాడికి ఒక సరదా ఉంది, రాబోయేవాళ్ళకు తమ చరిత్ర తెలుసుకునే అవసరం ఉంది. ఈ మూడింటినీ గుర్తుపెట్టుకున్నవాడి చేతిలోనే ఆ యంత్రం ఉండటం మంచిది.